మూడు బడుల చలికాలం

నిన్న సాయంత్రం మా అబ్బాయి మళ్లీ బడి మార్చే మాట ఎత్తాడు. ఇంకా చెప్పులు కూడా విడవలేదు, గడపలో నిలబడే మొదలుపెట్టాడు. కరీంనగర్‌లో హాస్టలున్న బడి ఒకటి ఉందట. అక్కడ ఎలాంటి పిల్లలనైనా కొద్ది నెలల్లోనే గడగడా చదివిస్తారట. మా మనవరాలిని వచ్చే నెలలో అక్కడ వేస్తాడట. పిల్ల పక్క గదిలోనే ఉంది. దానికి వినబడుతుందని వాడికీ తెలుసు. కానీ పొద్దంతా మెడికల్ షాపులో నిలబడి వచ్చిన మనిషికి గొంతు తగ్గించుకునే ఓపిక ఉండదు. వాడితో వాదించే ఓపిక నాకూ లేదు. లేచి వెళ్లి మంచం మీద పడుకున్నాను.

మనవరాలు మూడో తరగతి. చురుకైన పిల్ల. ఏ కథైనా ఒక్కసారి వింటే చాలు, మరునాడు నాకే తిరిగి చెబుతుంది, నేను మింగేసిన ముక్కలతో సహా. పుస్తకం తెరిస్తే మాత్రం దాని ముఖం మారిపోతుంది. అక్షరాలను ఒక్కొక్కటిగా గుర్తుపడుతుంది, అవి కలిసి మాట కాబోయేసరికి చెదిరిపోతాయి. పొద్దున చదివిన మాట సాయంత్రానికి మళ్లీ కొత్తదే. కిందటేడు కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నిదానంగా అన్నీ అడిగి చూసి, దీన్ని డిస్లెక్సియా అంటారని చెప్పింది. పిల్లకు తెలివి తక్కువ కాదంది, బద్ధకం అంతకన్నా కాదంది. అక్షరాన్నీ దాని చప్పుడునీ జోడించే పని కొందరి మెదడుకు కష్టమట, అంతే. దీనికి మందు లేదు, నేర్పే పద్ధతి ఉంది అంది. ఒక్కో అక్షరాన్నీ చూపించి, పలికించి, చేత్తో గీయించి, విసుక్కోకుండా మళ్లీ మళ్లీ నేర్పాలంది. పరీక్షల్లో కాస్త ఎక్కువ సమయం ఇమ్మని, నోటితో చెప్పిన జవాబుకూ మార్కులు వెయ్యమని బడివాళ్లను అడగమంది. అప్పటినుంచి ఒక టీచరమ్మ ఇంటికి వచ్చి అలాగే నేర్పుతోంది. పిల్ల ఇప్పుడు చిన్న చిన్న మాటలు చదువుతోంది. ఆ చిన్న మాటలు మా అబ్బాయికి చాలడం లేదు.

ఈ పొద్దున చాయ తాగాక కోడలిని పిలిచి, నేను చెబుతుంటే ఫోన్‌లో వాడికి రాయమన్నాను. ఎదురుగా కూర్చుని వాడికి చెప్పడం నావల్ల కాదు. వాడు గొంతు పెంచుతాడు, నాకు దగ్గు తెర వస్తుంది, మాట అక్కడే ఆగిపోతుంది. షాపులో ఖాళీగా ఉన్నప్పుడు చదువుకుంటాడులే అనుకున్నాను.

"ఏం రాయాలె అబ్బా?" అంది కోడలు. నాన్నను పిలిచినట్టే నన్నూ అబ్బా అంటుంది.

"నా సదువు ముచ్చట."

కోడలు నవ్వింది. నాకు చదువు లేదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు లేదో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మాది భైంసా. మా అబ్బా దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. ఇంటి ముందుగదే మా దుకాణం. అందులో దూలానికి తాడుతో వేలాడదీసిన పెద్ద విల్లు ఉండేది, మనిషికంటే పొడుగు. దాని నారిని కర్రగుండుతో కొడితే తుంగ్, తుంగ్ అని మోగేది. ఆ దెబ్బకు గట్టిపడిన పాత దూది విడిపోయి, పొంగి, గది సగం నిండేది. ఆ చప్పుడు ఆగితే నాకు మెలకువ వచ్చేది, మోగుతుంటే నిద్ర పట్టేది. ఇప్పుడు ఆ విల్లును పట్టుకోవడం తెలిసినవాళ్లే కనబడరు. మొదట ఏకే మిషన్లు వచ్చాయి, తర్వాత ఫోమ్ పరుపులు వచ్చాయి. ఫోమ్ పరుపు మీద నాకు ఇప్పటికీ నడుం నొప్పే.

చలికాలం వచ్చిందంటే ఊరంతా పత్తే. పల్లెల నుంచి పత్తి బండ్లు వచ్చి జిన్నింగు మిల్లు ముందు బారులు తీరేవి. ఎడ్ల పేడ, పత్తిగింజల జిడ్డు వాసన, బండ్లవాళ్లు చలిమంట మీద కాల్చుకునే జొన్న రొట్టెల వాసన కలిసి మా వీధి దాకా వచ్చేవి. మా ఇంట్లో తెల్లారితే ఖిచిడీ, చింతపండు ఖట్టా. అమ్మీ ఎంత మూతపెట్టినా ఖిచిడీలో దూది నూగు ఎగిరొచ్చి పడేది. దాన్ని ఏరుకుని తినడం మాకు అన్నంలో రాళ్లు ఏరడంలాంటిదే. అబ్బా దగ్గుతూనే తినేవాడు, తింటూనే బేరం చేసేవాడు. బండ్లవాళ్లు వచ్చి దూది బస్తాల మీద కూర్చుని ధర గురించి, పురుగు గురించి, ఎవరి ఎద్దు కుంటుతోందో దాని గురించి మాట్లాడుతుంటే, నేను ఏకిన దూది కుప్పలో మెడదాకా దిగబడి వినేవాణ్ణి.

ఒకసారి ఆ కుప్పలో బెల్లం గడ్డ దాచుకున్నాను. తర్వాత తిందామనుకుని మర్చిపోయాను. అబ్బా ఆ దూదినే పరుపులో కూరి, కుట్టి, ఒక పటేల్‌కు ఇచ్చేశాడు. రెండు రోజులకు పటేల్ మనిషి పరుపును మోసుకొచ్చి వాకిట్లో పడేశాడు. పరుపంతా చీమలు. "గీ పరుపు మీద మా పటేల్ పండాల్నా, సీమలు పండాల్నా?" అని అడిగాడు. అబ్బా నావైపు చూశాడు. నేను అమ్మీ వెనక్కి పోయాను. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి అబ్బా కూడా నవ్వాడు. నన్ను కొట్టని రోజుల్లో అది ఒకటి.

కొట్టిన రోజులన్నీ చదువు గురించే. మా వీధి చివరి తెలుగు బడిలో సారు పాఠం ఒకసారి చదివితే నాకు మొత్తం వచ్చేసేది. కాబట్టి కొన్నాళ్లు ఎవరికీ తెలియకుండా గడిచిపోయింది. పుస్తకం పట్టుకుని, వేలు జరుపుతూ, విన్నదాన్ని అప్పజెప్పేవాణ్ణి. ఒకరోజు వాన గురించిన పాఠం ఇలాగే చదువుతుంటే సారు వచ్చి నా భుజం మీదుగా చూశాడు. నేను తెరిచిన పేజీలో పోస్టుమ్యాన్ బొమ్మ ఉంది. పిల్లలంతా నవ్వారు. సారు నవ్వలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, ఒక్క మాట మీద వేలు పెట్టి, "గిది సదువు" అన్నాడు. ఆ గుండ్రటి అక్షరాలన్నీ నాకు ఒకటే ముఖంగా కనబడ్డాయి. దేనికి తలకట్టు ఉందో, దేనికి పొట్టలో చుక్క ఉందో పోల్చుకునేలోపు ముందుది మర్చిపోయేవాణ్ణి. చెమటలు పట్టాయి. సారు చాలాసేపు చూసి, లేచి వెళ్లిపోయాడు.

ఆ సారు చెడ్డవాడు కాదు. బొంత కుట్టించుకునే నెపంతో ఇంటికొచ్చి, చాయ తాగి, అబ్బాతో మెల్లగా అన్నాడు: "పోరడు మంచోడే. మొద్దు గూడ కాడు. కని తెలుగు వీనికి ఎక్కుతలేదు. మీరు ఉర్దూ మనుషులు గద, గందుకే కావచ్చు. జర మీ ఉర్దూ బడిల ఏసి సూడుర్రి."

మా ఇంట్లో మాట్లాడుకునేది నిజానికి తెలుగే. ఉర్దూ మాకు చుట్టాలొచ్చినప్పుడు అల్మారా నుంచి తీసే గాజు గ్లాసుల్లాంటిది. ఆ సంగతి అమ్మీ గొణిగింది కూడా. కానీ సారు మాటతో అబ్బా ముఖం తేటపడింది. కొడుకు మొద్దు కాదు, అక్షరాలే వాడివి కావు. ఇంతకంటే మంచి వార్త ఆయనకు ఆ ఏడాది ఎవరూ చెప్పలేదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ బడులు మూడూ దగ్గరలో దొరికే నేల కాబట్టే మావాళ్లకు ఈ ఆలోచన వచ్చింది. ఒకటే బడి ఉన్న చోటైతే నన్ను మొద్దని తేల్చేసి ఊరుకునేవాళ్లు. మాకు ఇంకో బడి ఉంది, ఇంకో లిపి ఉంది. అది కాకపోతే మరొకటి ఉంది.

అలా ఆ చలికాలం మధ్యలో ఉర్దూ బడికి పోయాను. కొత్త టోపీ కొన్నారు. అమ్మీ సేమ్యా వండి పెట్టింది. అక్కడ అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఒకటే పడవ ఆకారం, కింద ఒక చుక్క పెడితే ఒక అక్షరం, పైన రెండు పెడితే ఇంకొకటి, మూడు పెడితే మరొకటి. ఆ చుక్కలు నా కళ్ల ముందు నూకల్లా దొర్లిపోయేవి. నిటారుగా నిలబడే అలిఫ్ ఒక్కటి వచ్చింది. దాన్ని పలక నిండా రాసుకుని కూర్చునేవాణ్ణి. ఉస్తాద్ సాబ్ బెత్తం వాడేవాడు గానీ, గట్టిగా వాడేవాడు కాదు. కొన్నాళ్లకు ఆయనా ఇంటికొచ్చాడు, ఆయనకూ అమ్మీ చాయ ఇచ్చింది. "భాయ్, పోరని నోట్ల తెలుగు నిండి ఉన్నది. గందుకే ఉర్దూ దిగుతలేదు," అన్నాడు.

ఇది చెబుతుంటే కోడలు రాయడం ఆపి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అబ్బా విల్లు దగ్గరకు పోయి పొద్దుగూకేదాకా కొట్టాడు. ఏకాల్సిన దూది అయిపోయాక కూడా కొట్టాడు.

అమ్మీ మాత్రం నన్ను ఊరి బయటి దర్గాకు తీసుకుపోయింది. అక్కడ అందరూ హజ్రత్ అని పిలిచే ఒక ముసలాయన ఉండేవాడు. తెల్లని పింగాణీ పళ్లెం మీద కుంకుమపువ్వు నీళ్లతో సన్నగా ఏవో ప్రార్థన మాటలు, దువా అక్షరాలు రాసి, వాటి మీద నీళ్లు పోసి కడిగి, ఆ పచ్చటి నీళ్లను నాతో తాగించాడు. వారం వారం పోయేవాళ్లం. గులాబ్ నీళ్ల వాసన, నాలుక మీద కొంచెం చేదు. ప్రతిసారీ తాగి ఇంటికొచ్చి, అమ్మీ చూడకుండా పలక తీసి చూసుకునేవాణ్ణి. కడుపులోకి పోయిన అక్షరాలు కంటిదాకా ఎప్పుడు వస్తాయా అని నేను నిజంగానే ఎదురుచూశాను. అమ్మీ కూడా ఎదురుచూసింది. పాపం ఆమె నమాజు తర్వాత చేతులు చాపి అంతసేపు అడగడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

అప్పుడే ఖాలా వచ్చింది. ఖాలా అంటే అమ్మీ చెల్లెలు. మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పల్లెలో ఉండేది. ఆమె భర్త గాజులమ్మేవాడు. పాత బొంతలు ఏకించుకోవడానికి వచ్చి, నా సంగతి విని, తేలిగ్గా తీసేసింది. "గీ తెలుగు అక్షరాలు గుండ్రంగ ఉంటయి, దొర్లుతయి. ఉర్దూ అక్షరాలు ఉర్కుతయి. మా తాన మరాఠీ అక్షరాలను సూడు అక్కా, తాడు మీద బట్టలు ఆరేసినట్టు నిమ్మలంగ ఏలాడుతుంటయి. ఎటు పోవు. వీన్ని నాతోని అంపు." అమ్మీ ఏడ్చింది. అబ్బా ఆలోచించాడు. నేను బస్సు ఎక్కుతాననే సంబరంలో ఉన్నాను.

ఖాలా వాళ్ల ఊళ్లో మట్టి రోడ్డు, రెండు వైపులా తుమ్మ కంపలు. పత్తి బండ్లు ఆ కంపలను రాసుకుంటూ పోతే ముళ్లకు పత్తి పీచులు చిక్కుకునేవి. బడికి పోయే పిల్లలం వాటిని లాక్కుని జేబుల్లో కుక్కుకునేవాళ్లం. ఖాలా శనగపిండితో పిఠ్లా చేసి, జొన్న రొట్టె మీద పోసి, పక్కన పచ్చిమిరపకాయల నూరుడు పెట్టేది. ముక్కు, కళ్లు కారుతున్నా వదలబుద్ధి అయ్యేది కాదు. ఇప్పుడు ఆ వాసన తగిలితే అన్నం ముందు కూర్చున్నా ఆ రోడ్డే గుర్తొస్తుంది.

మరాఠీ బడి ఒకటే గది. నేర్పేది ఒక ఆడమనిషి. పిల్లలంతా ఆమెను బాయి అనేవాళ్లు, అక్కడ టీచరమ్మను అలాగే పిలుస్తారు. నడివయసు మనిషి, ముతక నూలు చీర, చేతుల్లో ఎప్పుడూ సుద్ద వాసన. మొదటి రోజు నన్ను చదవమనలేదు. ఒక కథ చెప్పి, తిరిగి చెప్పమంది. నా మరాఠీ అరకొరే, మిగిలింది తెలుగులో చెప్పాను. సరిహద్దు ఊళ్లు కదా, ఆమెకూ తెలుగు వచ్చు. అంతా విని, పలక మీద ఒక అక్షరం రాసి చూపించింది. నేను తల దించుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు. నా చొక్కా జేబులోంచి బయటికి కనబడుతున్న పత్తిని చూసింది.

"నీకు దూది పేనుడు వస్తదా?" అంది.

రాకేం, పుట్టినప్పటినుంచి అదే కదా. జేబులో పత్తిని తీసి, అరచేతుల మధ్య పేని, పొడుగాటి తాడు చేసి ఇచ్చాను. ఆమె దాన్ని పలక మీద రాసిన గీతల మీద పరిచింది. అక్షరం ఉబ్బెత్తుగా లేచింది. కళ్లు మూసుకుని దాన్ని తడమమంది. ఎక్కడ మొదలై, ఎక్కడ వంగి, ఎక్కడ ఆగుతుందో వేలితో వెతుక్కుంటూ పోతుంటే, నా చెవి దగ్గర ఆ అక్షరం చప్పుడును పలుకుతూనే ఉంది. తర్వాత నన్ను పలకమంది. తర్వాత గాలిలో గీయమంది. తర్వాత పత్తి తీసేసి, నేనే కొత్త తాడు పేని ఆ అక్షరం చెయ్యాలంది. ఆ రోజంతా ఒకటే అక్షరం, ఆ వారమంతా కూడా అదే. నాకు విసుగొచ్చింది, ఆమెకు రాలేదు. నేను తొందరపడితే, "ఘాయీ నకో రే, హళూ హళూ," అనేది. తొందరెందుకురా, మెల్లగా, మెల్లగా అని. నాతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె.

మిగతా పిల్లల ముందు ఆమె నన్ను ఎప్పుడూ చదవమనలేదు. లెక్కలు నోటితో అడిగేది, నోటితోనే చెప్పేవాణ్ణి, నావే అందరికంటే ముందు వచ్చేవి. పాఠం ఆమె పైకి చదివేది, నేను వినేవాణ్ణి. ప్రశ్న అడిగితే చెయ్యెత్తేవాణ్ణి. చెయ్యెత్తడం ఎంత బాగుంటుందో నాకు అక్కడే తెలిసింది. ఒకరోజు మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకు పోయాక, పలకలు తుడుస్తూ ఆమె తనంతట తానే చెప్పింది.

"నా తమ్ముడు గూడ గిట్లనే ఉండె. అన్ని తెలుసు వానికి. పుస్తకం ఒక్కటే రాకపోతుండె. మా నాయిన కొట్టీ కొట్టీ, ఆఖరికి వాడు ఇల్లిడిసి పోయిండు. ఏడికి పోయిండో ఇంకా ఎరుక లేదు."

చెప్పి, పలక తుడిచిన గుడ్డ దులుపుకుని లేచింది. అంత చిన్నవాడికి ఆ సంగతి ఎందుకు చెప్పిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. చెప్పడానికి ఆమెకు ఇంకెవరూ ఉండి ఉండరు.

ఎండలు ముదిరేసరికి నాకు అక్షరాలు కొన్ని వచ్చాయి. ఎక్కువేం కాదు, చేతి వేళ్లు దాటలేదు. కానీ అవి నిలబడ్డాయి. పొద్దున చూసినా, సాయంత్రం చూసినా అవే. గుణింతపు గుర్తులు ఒకటి రెండు పట్టుబడ్డాయి. రెండు అక్షరాలను పక్కపక్కన పెడితే, పెదవులు కదుపుతూ, గాలిలో వేలు తిప్పుతూ, చాలాసేపటికి వాటిని కలిపేవాణ్ణి. కలిసినప్పుడు బాయి తల ఊపేది. ఆ తల ఊపు కోసం నేను మర్నాడు అందరికంటే ముందు బడికి పోయేవాణ్ణి.

అలాంటప్పుడు అబ్బా వచ్చాడు. పత్తి సీజను అయిపోయింది. ఆయన దగ్గు ముదిరింది. ఒక్క చలికాలంలోనే మనిషి సగమయ్యాడు. ఖాలా ఇంటి అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, నా చేతికి ఒక మరాఠీ పేపరు ముక్క ఇచ్చి, చదవమన్నాడు. ఏ కొట్టులోనో పల్లీలు కట్టిచ్చిన కాగితం అది. సన్నటి అక్షరాలు, పల్లీల నూనె మరకలు. నేను మొదటి మాట మీద వేలు పెట్టాను. వాటిలో నాకు తెలిసినవీ ఉన్నాయి, తెలియనివీ ఉన్నాయి. గాలిలో గీసుకుంటూ వెతుక్కుంటున్నాను. అబ్బా కాసేపు ఆగాడు. చాలాసేపే ఆగాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన ఓపికంతా ఆ చలికాలంలోనే ఖర్చయిపోయింది.

"తియ్యి బిడ్డా, ఇగ సాలు," అన్నాడు.

సంగతి తెలిసి బాయి ఎండలోనే నడుచుకుంటూ వచ్చింది. చీర చెంగు తల మీద కప్పుకుని, అరుగు కింద నిలబడి, అబ్బాను భావూ, అంటే అన్నా అని పిలిచి మాట్లాడింది.

"భావూ, పోరన్ని ఇంకో ఏడు నా తాన ఉండనియ్యుర్రి. ఇప్పుడిప్పుడే పట్టు దొరుకుతున్నది."

"మూడు బడులు సూసినం అమ్మా," అన్నాడు అబ్బా. ఆయన మాటలో కోపం లేదు. "చలికాలమంత సదివి, పేపరు మీద ఒక్క మాట రాలే. వానికి రాదు. వాన్ని పరేషాన్ జేసుడు, మేం పరేషాన్ అవుడు. సదువు రాకుంటే సచ్చిపోతడా? నేను సదివిన్ననా? నాకు విల్లు పట్టుకునే చెయ్యి గావాలె, ఈ దగ్గుతోని నాతోని అయితలేదు."

"వస్తది భావూ. ఆలిశంగ వస్తది, అంతే."

అబ్బా ఖాళీ చెంబు ఖాలా చేతికిచ్చి, నా బట్టలు సర్దమన్నాడు. ఖాలా లోపలికి పోయి నా బట్టలు రేకు పెట్టెలో సర్దింది. బాయి నా తల మీద చెయ్యి పెట్టింది. తర్వాత వచ్చిన దారినే పోయింది. ఆమెను నేను మళ్లీ చూడలేదు.

భైంసా బస్టాండులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. అబ్బా పెట్టె భుజానికెత్తుకుని ముందు నడుస్తున్నాడు. నేను వెనక. అక్కడ మహారాష్ట్రకు పోయే ఎర్ర బస్సు ఒకటి ఇంజను ఆన్ చేసుకుని నిలబడి ఉంది. దాని వెనక అద్దం మీద మరాఠీలో ఊరి పేరు, పెద్ద అక్షరాలు. నాకు తెలియకుండానే ఆగిపోయాను. మొదటి అక్షరం నాకు తెలిసినదే. దాని పక్కన నిలబడి ఉన్న గుర్తూ తెలిసినదే. వేలు గాలిలోకి లేచింది. భో. పెదవులు కదిపాను. తర్వాతది క. అది కూడా తెలుసు, దాన్ని పత్తితో ఎన్నిసార్లు చేశానో. బస్సు కదిలింది. నేను రెండడుగులు దాని వెంట పోయాను. అది మలుపు తిరుగుతుంటే చివరి అక్షరం దొరికింది. మూడింటినీ కలిపాను. భోకర్. ఆ బస్సు భోకర్ పోతోంది. ఎవరూ చెప్పకుండా, వినకుండా, నేనే చదివాను.

తలెత్తి చూసేసరికి బస్సు వెళ్లిపోయింది. వేలు పెట్టి చూపించడానికి అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. అబ్బా గేటు దాటి రోడ్డెక్కాడు. పెట్టె బరువుకు ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నాడు. వెనక్కి తిరిగి, "జల్ది నడువురా, ఎండ దంచుతున్నది," అని కేకేశాడు. నేను ఉరికి అందుకున్నాను. "అబ్బా, నేను సదివిన," అన్నాను. "ఏంది?" అన్నాడు దగ్గుతూ. "బస్సు," అన్నాను. ఆయన రోడ్డు అటూ ఇటూ చూశాడు. బస్సు లేదు. "సరే నడువు బిడ్డా," అన్నాడు.

మర్నాటి నుంచి విల్లు పట్టుకున్నాను. ఆ తర్వాత నన్ను ఏ బడికీ పంపలేదు. అబ్బా మీద నాకు కోపం లేదు. ఆయన మూడు చోట్ల అడిగాడు, ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. అందులో ఒక్క మాటే నిజం. ఏది నిజమో ఆయనకు తెలిసే దారి లేదు. దీనికి ఒక పేరుందని, తప్పు తెలుగుదీ కాదు, ఉర్దూదీ కాదు, పిల్లవాడిదీ కాదని కిందటేడు డాక్టరమ్మ చెప్పినప్పుడు, బేటా, మీరంతా పిల్ల గురించి విన్నారు. నేను నా గురించి విన్నాను. ఆ రోజు నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుండిపోతే, కాళ్ల నొప్పులని మీరనుకున్నారు.

బేటా, నీకు ఇప్పుడు తెలుసు. మా అబ్బాకు లేని వీలు నీకుంది. పిల్ల చదువుతుంది, ఆలస్యంగా చదువుతుంది. అది ఒక మాట పూర్తిచేసి తలెత్తి చూసేసరికి, మనలో ఎవరో ఒకరం దాని పక్కన ఉండాలి. ఆ టీచరమ్మను మాన్పించకు, పిల్లను హాస్టలుకు పంపకు. నువ్వు షాపు నుంచి అలసిపోయి వస్తావు, నాకు తెలుసు. సాయంత్రాలు నేను కూర్చుంటాను దాని దగ్గర. నాకూ పెద్దగా ఓపిక లేదు. అయినా కూర్చుంటాను.